గుమ్మడికాయ ధర రెండు వేల ఆరు వందలు

పక్కింటి భూమవ్వకు ఆమె ఆడబిడ్డ చెప్పిందట. ఆడబిడ్డకు కూరగాయల ఆటోలో పక్కన కూర్చున్నామె చెప్పిందట. కరోనాలో పంట అమ్ముడుపోని కూరగాయల రైతులకు సర్కారు ఎకరానికి ఐదు వేలు ఇస్తోందట. ఆడబిడ్డ వాళ్ళ ఊళ్ళో ఒకాయన పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే ఫోను టింగుమన్నదట, చూస్తే పైసలు పడ్డాయట, వేపపుల్ల నోట్లో ఉండగానే బ్యాంకుకు పరుగెత్తాడట. ఈ వేపపుల్ల ముక్క భూమవ్వ సొంతంగా చేర్చిందని మగ్దలేనమ్మకు తెలుసు. అయినా మొత్తం నమ్మింది. ఆ పూట ఆ ఇంట్లో నమ్మడానికి ఇంకేమీ లేదు.

నిజానికి ఆ మంగళవారం పొద్దుటి కార్యక్రమం వేరే. మగ్దలేనమ్మ భర్త అబ్రహాం, కాలిపోయిన బోరు మోటారును ఆటోలో వేసుకొని హుజూరాబాద్ పోవాలి. మెకానిక్ గడ్డం పట్టుకొని బతిమాలి బాకీ మీద బాగు చేయించుకు రావాలి. ఐదు గుంటల్లో పోసిన వరి నారుకు పది రోజుల వయసు. మృగశిర కార్తె సగం గడిచినా వాన జాడ లేదు. నారు ఎండితే రెండెకరాల నాటు లేదు, నాటు లేకపోతే ఆ యేడు ఇంట్లో గింజ లేదు. మెకానిక్ శుక్రవారం నాడే ఫోనులో తెగేసి చెప్పాడు, రెండున్నర వేలు ముందు చేతిలో పడితేనే మోటారు విప్పుతానని.

ఆ రెండున్నర వేలు, ఆటో కిరాయికి ఇంకో వంద కలిపి, ఆదివారం పొద్దుటి దాకా అబ్రహాం జేబులోనే ఉన్నాయి. రెండు మేకపిల్లలను అమ్మితే వచ్చిన డబ్బు అది. ఆదివారం మధ్యాహ్నానికి లేదు. ఎవరూ దొంగిలించలేదు. అతడే తన గుమ్మడికాయను తానే కొనుక్కున్నాడు.

ఇప్పలగట్టు మెథడిస్టు సంఘంలో యేటా కోత పండుగ జరుగుతుంది. ఎవరి చేన్లో పండింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట. ఇరవై రూపాయల వంకాయలు రెండు వందలకు పోతాయి, కోడిపుంజు వెయ్యికి ఎగురుతుంది. అది ధర అని ఎవరూ అనుకోరు. ఆ యేడు తిండి పెట్టినందుకు దేవునికి చెప్పుకొనే దండం అది, పైసలన్నీ సంఘానికే పోతాయి. ఈసారి లాక్‌డౌన్‌లో చర్చికి తాళం పడటంతో పండుగ జూన్ నెల రెండో ఆదివారానికి జరిగింది. అందరూ మూతులకు గుడ్డలు కట్టుకొని దూరదూరంగా కూర్చున్నారు.

అబ్రహాం పట్టుకుపోయింది ఒక గుమ్మడికాయ. ఆ ఊళ్ళో ఆ సమయంలో గుమ్మడికాయను మించిన పనికిమాలిన వస్తువు లేదు. కిందటేడు పెండ్లిళ్ళ సాంబార్లకు మంచి గిరాకీ ఉండటంతో ఈసారి నలభై ఒక్క మంది రైతులు గుమ్మడి పెట్టారు. పంట చేతికొచ్చే వేళకు పెండ్లిళ్ళు ఆగిపోయాయి. సాంబార్లు ఆగిపోయాయి. కాయలు మాత్రం ఆగలేదు. ఒక్క అబ్రహాం ఎకరంలోనే పన్నెండు వందల కాయలు కాశాయి. అవి మంచాల కింద, పశువుల కొట్టంలో, అటక మీద, చివరికి స్నానాల గదిలో కూడా చేరాయి. మగ్దలేనమ్మ రెండు నెలలుగా అదే వండుతోంది. బర్రె కూడా గుమ్మడి ముక్కను వాసన చూసి మొహం తిప్పుకుంటోంది.

అటువంటి కాయకు పాట మొదలైతే ఎవరు నోరు తెరుస్తారు? అంతకుముందే మగ్దలేనమ్మ చెల్లెలి భర్త ఎబినేజర్ తెచ్చిన పుంజు తొమ్మిది వందలకు పోయింది. ఆ వేడి మీదున్న ఎబినేజర్, తోడల్లుడి గుమ్మడికాయను చూసి, "నలభై. గది గూడ దేవుని మొఖం జూసి" అన్నాడు. గుడ్డల వెనక నవ్వులు వినపడ్డాయి. అబ్రహానికి చెవులు వేడెక్కాయి. ఐదు వందలని తన కాయకు తానే పాడాడు. ఎబినేజర్ ఆరు వందలన్నాడు. ఇద్దరూ పక్కవాళ్ళను చూడటం మానేసి ఒకరినొకరు చూసుకుంటూ వెయ్యి దాటారు, రెండు వేలు దాటారు. రెండున్నర వేల దగ్గర ఎబినేజర్ ఊపిరి తీసుకున్నాడు. అబ్రహాం రెండు వేల ఆరు వందలన్నాడు. జేబులో ఇంకో వంద ఉంటే ఆ కాయ ధర ఇంకో వంద పెరిగేది. ఆడవాళ్ళ వైపు నుంచి మగ్దలేనమ్మ కళ్ళు మాత్రమే కనిపించాయి. అవే సరిపోయాయి.

పాస్టరు దేవదాసు అయ్యగారు పద్ధతి గల మనిషి. అక్కడికక్కడే రసీదు రాశారు. పేరు అబ్రహాం, గుమ్మడికాయ ఒకటి, రెండు వేల ఆరు వందలు, తేదీ, సంతకం, గుండ్రటి నీలం ముద్ర.

ఆ మంగళవారం భూమవ్వ మాట విన్నాక మోటారు మూలకు పోయింది, అబ్రహాం గ్రామ పంచాయతీకి పోయాడు. అక్కడ వ్యవసాయ విస్తరణాధికారి నర్మద వారం రోజులుగా టేబుల్ మీద ట్యాబ్ పెట్టుకొని కూర్చుంటోంది. పోయినేడు ఉద్యోగంలో చేరిన పిల్ల, మాట మెత్తన, మనిషి మంచిది. ఆమె ముందు నుంచి అప్పటికే పదిమందికి పైగా గుమ్మడి రైతులు వచ్చినట్టే తిరిగి పోయారు. కారణం అడిగితే ఆమెకే సిగ్గనిపించింది.

"అమ్ముడుపోలేదని అప్లికేషన్ పెట్టాల్నంటే, అమ్మిన రసీదు గావాలె పెద్దబాపూ" అన్నది.

"అమ్ముడుపోలేదంటున్న గద బిడ్డా. రసీదు ఏడికెల్లి అస్తది?"

"గిదే నేను పైకి రాసిన. ఒక్క కాయన్న అమ్మితేనే ఏం ధర పలికింది, ఎంత నష్టమైంది లెక్క తేలుతదన్నరు. రసీదు ఫోటో పెట్టకుంటే యాప్ ముందుకు పోతలేదు."

 అబ్రహాం చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కవరులోంచి రసీదు తీశాడు. ఆ ఊళ్ళో గుమ్మడికాయ పేరు, మనిషి పేరు, ధర, ముద్ర కలిసి ఉన్న కాగితం అదొక్కటే. ఇది అమ్మకం కాదని, దేవుని పాట అని, పైసలు రాలేదు సరికదా పోయాయని అతడు ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. నర్మద ముందు నవ్వింది. తర్వాత ఆ ముద్రను చూసి ఆలోచనలో పడింది. వారం రోజుల్లో ఆమె చూసిన మొదటి ముద్ర అది.

"యాప్‌ల దేవునికి గడి లేదు పెద్దబాపూ" అన్నది చివరికి. "పంట, కాయలు, పైసలు, ముద్ర. గంతే అడుగుతున్నది. కింద 'గమనిక' అని ఒక జాగ ఉన్నది, అండ్ల మొత్తం రాస్త."

ఆమె రాసింది కూడా. ఆ జాగాలో ఐదు మాటలకు మించి పట్టవు. "ఇది అమ్మకం కాదు, చర్చిలో కోత" దగ్గర ఆగిపోయింది. చేతిలో అచ్చమైన నిజం సగం పెట్టుకొని నర్మద బటన్ నొక్కింది. ఆకుపచ్చ టిక్కు వచ్చింది.

ఆ టిక్కుతో ఊరి తలరాత మారిందనే అనుకున్నారు. ఒక ఊళ్ళో ఒక పంటకు ఒక్క రసీదు ఎక్కితే, అదే ఊళ్ళో అదే పంట వేసిన మిగతావాళ్ళకు వేరే రసీదు అక్కరలేదని యాప్ తనంతట తానే చెప్పింది. సాయంత్రానికి మిగతా నలభై మందీ వచ్చి అబ్రహాం రసీదు మీద తమ దరఖాస్తులు ఎక్కించుకున్నారు. సర్పంచి రాయమల్లు తన కుర్చీ జరిపి అబ్రహాన్ని కూర్చోమన్నాడు. సర్పంచి అయిన ఆరేళ్ళలో ఆ కుర్చీ మీద ఎవరినీ కూర్చోనివ్వని మనిషి. తానుగనుక ఎదురు పాడి ఉండకపోతే ఆ కాయ నలభై దగ్గరే ఆగిపోయేదని ఎబినేజర్ టీ కొట్టు దగ్గర అందరికీ గుర్తు చేశాడు. భూమవ్వ తన బోరు నుంచి అబ్రహాం నారుమడికి పైపు వేయించింది. సాయం పైసలు పడి మోటారు బాగయ్యే దాకా వాడుకొమ్మన్నది. మగ్దలేనమ్మ ఆ పూట తన భర్తతో ఆదివారం తర్వాత మొదటిసారి మాట్లాడింది.

"దేవుడు నీ తెలివికి కాదు, నీ తెలివి తక్కువకు ఇచ్చిండు" అన్నది. అబ్రహాం దాన్ని మెచ్చుకోలు కిందనే తీసుకున్నాడు.

శనివారం పొద్దున ఊళ్ళో నలభై ఒక్క ఫోన్లు ఒకేసారి మోగాయి. చదువొచ్చిన వాళ్ళు చదువుకున్నారు, రాని వాళ్ళు సర్పంచి దగ్గరికి పరుగెత్తారు. రాయమల్లు కళ్ళజోడు పెట్టుకొని పెద్దగా చదివాడు. "మీ గ్రామంలో మీ పంటకు లాభసాటి ధర లభించినట్లు ధ్రువీకరించబడినందున మీ దరఖాస్తు తిరస్కరించబడినది. మీరు సాధించిన విజయానికి అభినందనలు."

అందరూ మొదట రెండో వాక్యం దగ్గర ఆగారు. తర్వాత మొదటి వాక్యం అర్థమైంది. తర్వాత అందరూ కలిసి అబ్రహాం ఇంటికి పోయారు.

నర్మద వచ్చి ట్యాబ్‌లో చూపించింది. యాప్ చాలా నిజాయితీగా లెక్క కట్టింది. కాయ ఒక్కంటికి రెండు వేల ఆరు వందలు, కాయలు పన్నెండు వందలు. అబ్రహాం ఆ కాలానికి సంపాదించింది ముప్పై ఒక లక్షా ఇరవై వేలు. అతడు ఇంకోసారి చదవమన్నాడు. ఆ డబ్బు ఎవరిదో అన్నట్టు శ్రద్ధగా విన్నాడు. గుమ్మడి వేసిన నలభై ఒక్క మందిదీ కలిపితే పన్నెండు కోట్ల పైచిలుకు. ఇప్పలగట్టు ఆ రాత్రికి రాత్రే జిల్లాలో అన్నిటికన్నా ధనవంతమైన గుమ్మడి ఊరైంది. అబ్రహాం రేషన్ కార్డు పక్కన 'పరిశీలనలో' అనే ఎర్రటి మాట కూడా వచ్చి చేరింది. ముప్పై ఒక లక్షలవాడికి కిలో రూపాయి బియ్యం ఎందుకని యాప్‌కు అనుమానం వచ్చింది.

"ముప్పై ఒక లక్ష ఏ మంచం కింద పెట్టినవయ్యా, జర చెప్పు. మోటరుకు తీస్త" అన్నది మగ్దలేనమ్మ.

ఎబినేజర్ మాట మార్చాడు. తాను రెండున్నర వేల దగ్గరే ఆగిపోయానని, ఆ పై వంద పాపం తనది కాదని టీ కొట్టు దగ్గర చెప్పడం మొదలుపెట్టాడు. రాయమల్లు కుర్చీ మళ్ళీ రాయమల్లు కిందికే పోయింది.  భూమవ్వ చేనుకు పోయి తన బోరు గేటువాల్వు తిప్పేసి, పైపు చుట్ట చుట్టి భుజాన వేసుకొని ఇంటికి వచ్చింది. ఆమెకు ఎకరన్నర గుమ్మడి. ఏడున్నర వేలు పోయాయి. ఆమెను తప్పు పట్టే ధైర్యం మగ్దలేనమ్మకు లేకపోయింది. మర్నాటి నుంచి చేతిపంపు దగ్గర బిందెతో నీళ్ళు పట్టి, నారుమడికి మోయడం మొదలుపెట్టింది. ఐదు గుంటల నేలకు ఒక బిందె నీళ్ళు ఎంత? అయినా మోసింది.

సోమవారం హుజూరాబాద్ నుంచి కూరగాయల వ్యాపారి సర్దార్ బండి మీద వచ్చాడు. ఇరవై యేళ్ళుగా ఆ ఊరి గుమ్మడి కొనేది అతడే. బండి దిగి, మాస్కు గడ్డం కిందికి లాగి, అబ్రహాం ముందు ఒక కాగితం పెట్టాడు. ఇప్పలగట్టులో కాయ రెండు వేల ఆరు వందలు పలుకుతుండగా, మార్చి నుంచి రైతులకు కిలోకు రూపాయి చొప్పున ఎందుకు చెప్పాడో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని పైనుంచి అతనికి వచ్చిన నోటీసు అది.

"అబ్రహాం భాయ్, గా రెండు వేల ఆరు వందల బేరగాడెవడో జర సూపియ్యి. నా గోదాంల ఉన్నయన్ని గూడ ఆయనకే అమ్ముకుంట" అన్నాడు.

అబ్రహాం జరిగింది చెప్పాడు. సర్దార్ నవ్వలేదు. పెండ్లిళ్ళు లేక, హోటళ్ళు లేక, తన గోదాములో ఎలుకలు కూడా గుమ్మడిని ముట్టడం లేదని, ఇప్పుడు దేవుని పాటకు తాను జవాబు రాసుకోవాల్సి వచ్చిందని వాపోయాడు. మార్చి నుంచి ఈ ఊరి కాయ ఒక్కటి కూడా కొనలేదని తెల్ల కాగితం మీద రాసి వేలిముద్ర, సంతకం రెండూ పెట్టి ఇచ్చాడు. పోయేటప్పుడు మగ్దలేనమ్మ మర్యాదకు రెండు కాయలు తీసుకుపొమ్మంటే రెండు చేతులూ జోడించాడు.

మంగళవారం అబ్రహాం, రాయమల్లు, పాస్టరు దేవదాసు ముగ్గురూ మండలాఫీసుకు పోయారు. సర్దార్ కాగితం చూసి గుమస్తా, అమ్మినట్టు రాస్తే తీసుకుంటాం గాని అమ్మనట్టు రాస్తే ఎక్కడ పెట్టాలో తెలియదన్నాడు. అప్పుడు అయ్యగారు తన ధ్రువపత్రం ఇచ్చారు. సంఘం ముద్రతో, చక్కటి దస్తూరీతో, సదరు గుమ్మడికాయ అమ్మబడలేదని, దేవునికి అర్పించబడిందని, అబ్రహాం తన సొంత డబ్బు రెండు వేల ఆరు వందలు కట్టి ఆ కాయను తిరిగి ఇంటికి తీసుకుపోయాడని అందులో ఉంది.

గుమస్తా రెండుసార్లు చదివాడు. మనిషి చెడ్డవాడు కాడు, కానీ చదివిన ప్రతి కాగితంలోనూ తిరస్కరించడానికి ఒక కారణం వెతకడం అలవాటైన మనిషి.

"గట్లయితే ఇంకో సంగతి చెప్పుండ్రి అయ్యగారూ. ఒక్క గుమ్మడికాయకు రెండు వేల ఆరు వందలు దానం చేసెటంత ఉన్నోనికి, సర్కారు సాయం ఎందుకు?"

 దానం చేశాకే తాను లేనివాడయ్యాడన్న జవాబు అబ్రహానికి తట్టింది గాని, అప్పటికి ఏడు కిలోమీటర్లు నడిచి ఊరి పొలిమేరకు వచ్చేశారు. దారంతా రాయమల్లు తిట్టుకుంటూనే నడిచాడు. సర్పంచి అయిన నాటి నుంచి సర్కారును ఒక్క మాట అనని మనిషి, ఆ రోజు ఏడు కిలోమీటర్లలో ఆరేళ్ళ బాకీ తీర్చుకున్నాడు. పంట కుళ్ళినోడు కుళ్ళిందని చెప్తే నమ్మరు, కొన్నోడు కొనలేదని చెప్తే నమ్మరు, గుడి అయ్య చెప్తే నమ్మరు, మనిషి పెట్టని గడిలో మిషను రాసుకున్న అంకె మాత్రం అందరూ నమ్ముతారు అన్నది అతని కోపం.

పంచాయతీ దగ్గర నర్మద ఎదురు వచ్చింది. ఆమె మొహం చూస్తే మంచి కబురే అనిపించింది, అదే అనుమానం పుట్టించింది. తాను పైకి మూడుసార్లు రాశానని, మూడుసార్లూ 'మీ విజ్ఞప్తి నమోదైనది' అని వచ్చిందని, ఇప్పుడు దానికి ఫలితంగా గురువారం జిల్లా నుంచి పెద్దసారు స్వయంగా ఊరికి వస్తున్నాడని చెప్పింది. విచారణకా అని రాయమల్లు అడిగాడు. నర్మద తల దించుకుంది.

"సన్మానానికట" అన్నది.

గురువారం పొద్దున పంచాయతీ ముందు షామియానా వేశారు. నేల మీద సున్నంతో గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కో రైతును నిలబెట్టారు. నలభై గుండ్రాల్లో నలభై కోపాలు నిలబడ్డాయి. అబ్రహాన్ని వేదిక మీద కూర్చోబెట్టారు. ఆ కుర్చీ మీద అతడు దొంగతనంగా కూర్చున్నట్టు అంచుకు కూర్చున్నాడు. పెద్దసారు ఇద్దరు అధికారులతో రెండు కార్లలో వచ్చి, చేతులకు మందు రాసుకొని, అబ్రహానికి శాలువా కప్పి, 'ఉత్తమ ధర సాధించిన రైతు' అని రాసిన ఒక అద్దాల పటం చేతిలో పెట్టాడు. ఫోటోలు తీశారు. ఆ తర్వాత ఆయన ముప్పై నిమిషాలు మాట్లాడాడు. లాక్‌డౌన్ అని ఏడుస్తూ కూర్చునే రైతులకు ఇప్పలగట్టు కళ్ళు తెరిపించిందన్నాడు. సాయం కోసం చేయి చాచడం కాదు, మార్కెట్‌ను వెతుక్కోవడం నేర్చుకోవాలన్నాడు. గుండ్రాల్లోని వాళ్ళు ఎవరికి వాళ్ళు తమ గుండ్రం వైపు చూసుకున్నారు.

ఆ ధర ఎట్లా సాధించాడో నాలుగు మాటల్లో చెప్పమని పెద్దసారు మైకు అబ్రహాం ముందుకు జరిపాడు. అబ్రహాం లేచాడు. శాలువా జారింది, సర్దుకున్నాడు.

"గుడిల పాడిన సారు. నా కాయకు నేనే పాడిన. నా మోటరు పైసలే పోయినయి."

పెద్దసారు తల ఊపి, పక్కనున్న అధికారిని 'ప్రార్థనా మందిరాల ద్వారా ప్రత్యామ్నాయ అమ్మకాలు' అని రాసుకొమ్మన్నాడు. ఆయన రాసుకున్నాడు. అబ్రహాం ఇంకేదో చెప్పబోయే లోపల చప్పట్లు కొట్టించారు.

సభ అయ్యాక పెద్దసారు అంత ధర పలికిన కాయలను చూడాలన్నాడు. అబ్రహాం ఇల్లు పక్క వాడలోనే ఉంది. గుండ్రాలు దాటి ఊరంతా వెంట వచ్చింది. కొట్టం నిండా, అరుగు నిండా, మంచాల కింద పసుపు పచ్చగా మెరిసే కాయలను చూసి పెద్దసారు ముచ్చటపడ్డాడు. డ్రైవరుకు కనుసైగ చేశాడు. ఇట్లాంటి పర్యటనల్లో డ్రైవరుకు చెప్పాల్సిన పని ఉండదు. అతడు మంచివి ఏరి, ఒక్కొక్కటీ వేలితో తట్టి చూసి, నాలుగు కాయలను కారు డిక్కీలో పెట్టాడు.

అప్పుడే మగ్దలేనమ్మ నారుమడి నుంచి వచ్చింది. సన్మానానికి రమ్మంటే ఆమె రానన్నది, నారు సగం పసుపెక్కింది, మిగిలిన సగం ఈ రోజు కాకపోతే రేపు. చంకలో ఖాళీ బిందె, కాళ్ళకు తడి మట్టి, చీర కుచ్చిళ్ళు తడి. వాకిట్లో రెండు కార్లను చూసింది, డిక్కీలో కాయలను చూసింది. బిందె కింద పెట్టి వేలితో లెక్కపెట్టింది.

"నాలుగు" అన్నది. "పది వేల నాలుగు వందలు సారు."

రాయమల్లు ఉలిక్కిపడి, సైగలతో ఆమెను లోపలికి పొమ్మన్నాడు. పెద్దసారు అది పల్లెటూరి హాస్యమనుకొని నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వలేదు. అబ్రహాం శాలువా కొంగు పట్టుకొని నేల చూపులు చూస్తున్నాడు. మగ్దలేనమ్మ కదలలేదు. డ్రైవరు డిక్కీ మూత వేయబోయాడు. ఆమె బిందె ఎత్తి డిక్కీ అంచు మీద పెట్టింది. మూత పడలేదు.

"కాయ రెండు వేల ఆరు వందలు. నేను చెప్పింది గాదు, మీ ఫోన్ల రాసున్నది. ఇప్పుడే ఊరందరి ముంగట చదివిండ్రు. నగదు ఇస్తరో, ఫోన్ల కొడుతరో మీ ఇష్టం. మా మోటరు విప్పాల్నంటే రెండున్నర వేలు ఇయ్యాల గావాలె."

భూమవ్వ గుంపులోంచి నడిచి వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఆమె చేతులు నడుం మీద ఉన్నాయి. తర్వాత ఎబినేజర్ వచ్చి నిలబడ్డాడు, ఎందుకో అతనికే తెలియదు. ఆ వాకిట్లో మెల్లగా గుండ్రాలు లేని గుంపు ఒకటి తయారైంది. పెద్దసారు నవ్వు ఆగింది. చుట్టూ చూశాడు. వాచీ చూసుకున్నాడు. ఆయనకు నిజంగానే ఆ మాటలో అన్యాయం కనిపించింది.

"ఇదేం బేరమమ్మా" అన్నాడు. "గుమ్మడికాయ ఇంతా? బయట కిలో రూపాయికిచ్చినా అడిగేవాడు లేడు. మార్చి నుంచీ జిల్లాలో ఒక్క కాయ అమ్ముడుపోలేదు. ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా?"

 నర్మద ట్యాబ్‌లోంచి తలెత్తింది. మగ్దలేనమ్మ తడి చేతిని చీరకు తుడుచుకొని, అబ్రహాం చేతిలోంచి అద్దాల పటం తీసుకొని, దాన్ని బోర్లించి, వెనక తెల్లగా ఉన్న అట్టను పెద్దసారు ముందు పెట్టింది.

"గీ మాటనే జర దీని మీద రాసి సంతకం పెట్టుండ్రి సారు. నలభై ఒక్క మందిమి పది రోజుల సంది చెప్తున్నది గిదే."

రాయడానికి అక్కడున్న ముగ్గురు అధికారుల జేబుల్లోనూ పెన్నులున్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు.